రసీదు ఉంది, ఖాతాలో లేదు: ఆ 10 సెకన్ల వెనక

నల్లగొండ వైపు ఒక బ్యాంకులో కట్టిన డబ్బు ఖాతాలో పడలేదన్న గొడవ ధాన్యం పైసలొచ్చే వేళ మళ్లీ లేచింది. గొడవకు మూలం ఖాతాల నకలు దాచే రెండో సర్వర్ (కంప్యూటర్).

ఖాతాల లెక్క హైదరాబాద్‌లోని ప్రధాన సర్వర్‌లో ఉంటుంది, దాని నకలు దూరాన మరో నగరంలో. మొదట్లో రెండుచోట్లా నమోదయ్యాకే రసీదు వచ్చేది. లైను తెగిందా, కౌంటర్లన్నీ ఆగేవి. మిర్యాలగూడ, దేవరకొండ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన రైతులు సాయంత్రం దాకా నిలబడేవారు. ఆ బాధ నిజమే.

దానికి విరుగుడుగా మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోని సెమీ సింక్ పద్ధతికి మారారు. కథ మలుపు తిరిగింది ఇక్కడే. ఇందులో నకలు నుంచి 'అందింది' అన్న కబురు వచ్చాకే లావాదేవీ ముగుస్తుంది. కానీ ఆ కబురు కోసం చూసే గడువు, మనం మార్చకపోతే, 10 సెకన్లే. అది దాటితే ప్రధాన సర్వర్ ఇక ఎదురుచూడదు, తన దగ్గర మాత్రమే రాసుకుని ముందుకెళ్తుంది. కౌంటర్‌లో తేడా తెలియదు, రసీదు ఎప్పటిలాగే వస్తుంది. ఆ స్థితిలో ప్రధాన సర్వర్ పడిపోయి నకలును దాని స్థానంలో నిలబెడితే, మధ్యలో రాసి నకలుకు చేరనివేవీ అందులో ఉండవు.

2018 అక్టోబర్ 21న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌ సైట్‌లో 43 సెకన్లు నెట్‌వర్క్ తెగినందుకు అమెరికా రెండు తీరాల్లోని డేటాబేస్‌లకు పొత్తు కుదరక, సరిచేయడానికి 24 గంటలు దాటింది. అక్కడ పోయేది డబ్బు కాదు.

'రెండుచోట్లా రాస్తాం, ఎంట్రీ పోదు' అన్నది యాజమాన్యం మాట. కౌంటర్‌లోని క్యాషియరమ్మ చెప్పేది వేరు. ప్రధాన సర్వర్ పడిపోయి నకలును నిలబెట్టిన ఆ సాయంత్రం డ్రాయర్‌లో నోట్లు స్క్రీన్ మీది మొత్తం కంటే 40,000 ఎక్కువొచ్చాయి. రెండుసార్లు లెక్కపెట్టి, ఎక్సెస్ క్యాష్‌ (అదనపు నగదు)గా రాసి సంతకం చేసింది. మర్నాడు ఒక రైతు మడతలు పడ్డ కౌంటర్‌ఫాయిల్ తెచ్చాడు. అంతే మొత్తం, ఆమె సంతకమే, నీలం ముద్ర ఇంకా స్పష్టంగా ఉంది. "పైసలు కట్టిన మేడం, పుస్తకంల పడలే" అన్నాడు. ఆ నోట్లు, ఆ కాగితం చూశాక ఎంట్రీ పోదన్న మాట నేను నమ్మలేను.

మూడు సర్వర్లు పెట్టి, రెండు ఒప్పుకుంటేనే నమోదు చేసే పద్ధతి ఉంది. ఒకటి పడిపోయినా పని ఆగదు. మూడో యంత్రానికి ఖర్చవుతుంది, ప్రతి లావాదేవీకీ కాస్త ఆలస్యమూ తప్పదు.

సెమీ సింక్ ఆగిపోయిన క్షణం సర్వర్ ఎర్రర్ లాగ్‌లో, అంటే లోపాలను తనంతట తాను రాసుకునే చిట్టాలో, నమోదవుతుంది. ఆ సాయంత్రపు లాగ్ చూపించమని సిబ్బంది అడుగుతూనే ఉన్నారు. ఇంతవరకు చూపలేదు.