ఎక్స్‌టెన్షన్ మెథడ్ దేన్నీ ఓవర్‌రైడ్ చేయదు

కోడ్ రివ్యూల్లో ఈ మాట విని విని విసుగొచ్చింది: "లైబ్రరీ క్లాస్‌ని మార్చలేం కదండీ, అందుకే అదే పేరుతో ఎక్స్‌టెన్షన్ రాసి ఓవర్‌రైడ్ చేశాను." చేయలేదు. అలా చేయడం కుదరదు కూడా. ఎక్స్‌టెన్షన్ అంటే క్లాస్ కోడ్‌ని ముట్టకుండా బయటి నుంచి దానికి మెథడ్ జోడించడం; ఓవర్‌రైడ్ అంటే పైక్లాస్ మెథడ్ బదులు సబ్‌క్లాస్ తన సొంతది నడిపించడం.

అపోహ: పేరు, పారామీటర్లు ఒకటే అయితే పాతదాని బదులు మనది నడుస్తుంది.

వాస్తవం: సీ షార్ప్ భాషలోనైనా కోట్లిన్ భాషలోనైనా క్లాస్ సొంత మెథడ్‌దే పైచేయి. సరిపోయేది అక్కడ దొరికితే కంపైలర్ ఎక్స్‌టెన్షన్ల వైపు కన్నెత్తి చూడదు. నేను చూసిన ఒక సీ షార్ప్ ప్రాజెక్టులో, కస్టమర్ వివరాలు లాగ్‌లో పడేటప్పుడు కార్డ్ నంబర్ కనిపించకూడదని ఒకమ్మాయి టూస్ట్రింగ్ (ఆబ్జెక్ట్‌ని టెక్స్ట్‌గా మార్చే మెథడ్) పేరుతో ఎక్స్‌టెన్షన్ రాసింది. ఆ క్లాస్‌లో అప్పటికే టూస్ట్రింగ్ ఉంది, నడిచింది అదే. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, బిల్డ్ సాఫీగా అయిపోయింది, నంబర్లు మాత్రం లాగ్‌లో పడుతూనే ఉన్నాయి. విషయం బయటపడ్డాక పాపం ఆ అమ్మాయి పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. "ఎక్స్‌టెన్షన్, ఓవర్‌రైడ్ రెండూ ఒకటేలే" అని తనకు చెప్పినవాళ్ల మీదే నాకు కోపం. కోట్లిన్ ఇలాంటి చోట కనీసం వార్నింగ్ ఇస్తుంది.

అపోహ: క్లాస్‌లో లేని కొత్త పేరు పెడితే, సబ్‌క్లాస్‌ని బట్టి సరైన ఎక్స్‌టెన్షన్‌ని ప్రోగ్రామే ఎంచుకుంటుంది.

వాస్తవం: ఎంచుకోదు. ఉద్యోగికి ఒకటి, దాని సబ్‌క్లాస్ మేనేజర్‌కి ఒకటి బోనస్ ఎక్స్‌టెన్షన్ రాశారనుకోండి. వేరియబుల్ టైప్ ఉద్యోగి, లోపలున్నది మేనేజర్ ఆబ్జెక్ట్. వర్చువల్ మెథడ్‌ని (సబ్‌క్లాస్ మార్చుకోగల మెథడ్‌ని) ఓవర్‌రైడ్ చేసి ఉంటే రన్‌టైమ్ ఆబ్జెక్ట్‌ని చూసి మేనేజర్ బోనస్ ఇచ్చేది. ఎక్స్‌టెన్షన్ అసలుకి స్టాటిక్ మెథడే (ఆబ్జెక్ట్‌తో ముడిపడనిది), డాట్ పెట్టి పిలవడం రాతలో సౌకర్యం మాత్రమే, కాబట్టి ఏది నడవాలో వేరియబుల్ టైప్‌ని బట్టి కంపైల్ టైమ్‌లోనే, అంటే ప్రోగ్రామ్ నడవకముందే తేలిపోతుంది. వచ్చేది ఉద్యోగి బోనసే.

ప్రైవేట్ ఫీల్డులు ఎక్స్‌టెన్షన్‌కి అందుతాయన్నదీ అపోహే. నల్ (ఏ ఆబ్జెక్టూ లేని విలువ) మీద పిలిస్తే వెంటనే క్రాష్ అవుతుందన్నదీ అంతే: సీ షార్ప్‌లో పిలుపు లోపలికి వెళ్తుంది, అక్కడ ఆ నల్‌ని వాడబోతేనే ఎక్సెప్షన్.

ఇంకోటి, లైబ్రరీ కొత్త వెర్షన్‌లో మీ ఎక్స్‌టెన్షన్ పేరుతోనే, అవే పారామీటర్లతో మెథడ్ వస్తే, మళ్లీ కంపైల్ చేయగానే మీది పక్కకు పోతుంది. సీ షార్ప్‌లో అనుమానం వస్తే స్టాటిక్ క్లాస్ పేరు పెట్టి నేరుగా పిలవండి. ఫలితం డాట్‌తో వచ్చినట్టు లేకపోతే, ఇన్నాళ్లూ నడుస్తున్నది మీరు రాసింది కాదు.