రాజోలి ఇథనాల్ గొడవ: ముడి పడింది 2021 జూన్‌లో

పెద్దధన్వాడ పేరు మళ్ళీ నలుగురి నోళ్లలో నానుతోంది. జోగుళాంబ గద్వాల జిల్లా రాజోలి మండలంలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని చుట్టుపక్కల ఊళ్లు కదిలాయి. 2025 జూన్ 4న గొడవ ముదిరి కంపెనీ టెంట్లు, వాహనాలు ధ్వంసమయ్యాయి. కేసులు పెట్టారు, తర్వాత రైతులకు బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. ఇదంతా అందరికీ తెలిసిందే, మళ్ళీ ఏకరువు పెట్టనక్కర్లేదు. పర్మిషన్ ఎవరి హయాంలో వచ్చిందన్న వాదులాటనూ పక్కన పెడదాం. రెండు పార్టీలకూ అందులో ఓట్లు కనిపిస్తున్నాయేమో గాని ఊరివాళ్లకు జవాబు మాత్రం దొరకడం లేదు.

వాళ్లు అడిగేది ఒక్కటే. ఇంత పెద్ద ఫ్యాక్టరీ వస్తుంటే మమ్మల్ని పిలిచి అడగరా? నిజానికి అడగాలనే రూలు ఉండేది. అది పోయిన తేదీ కూడా ఉంది.

2021 జూన్ 5న ప్రధాని ఇథనాల్ రోడ్‌మ్యాప్ విడుదల చేశారు. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న గడువు 2030 నుంచి 2025కి జరిగింది. చెరకు మడ్డితో అంత ఇథనాల్ రాదు, బియ్యం, మొక్కజొన్న, నూకలు కావాలి. ధాన్యంతో నడిచే ప్లాంట్లకు వడ్డీ రాయితీ అదే ఏడాది జనవరిలోనే ప్రకటించేశారు. ఇక అడ్డమల్లా అనుమతులకు పట్టే టైమే. రోడ్‌మ్యాప్ వచ్చిన 11 రోజులకు, జూన్ 16న, కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. చుక్క వ్యర్థజలం కూడా బయటికి వదలకుండా, పెట్రోల్‌లో కలపడానికి మాత్రమే ఇథనాల్ చేసే ధాన్యం ప్లాంట్లను బీ2 కేటగిరీలో చూస్తామంది. బీ2 అంటే ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు.

గెజిట్‌లో ఆ సవరణ చదివినవాళ్లు తక్కువ. మన పాలమూరులో ఇప్పుడు జరుగుతున్న గొడవంతా అందులోంచే పుట్టిందని ఈ వ్యాసకర్త నమ్మకం.

ఎందుకంటే ప్రజాభిప్రాయ సేకరణ గురించి దక్షిణ తెలంగాణకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి. కలెక్టరో, ఆయన పంపిన పెద్ద అధికారో కూర్చోవాలి. మొత్తం వీడియో తీయాలి. షామియానా కింద ఒక మైకు, బయట పోలీసులు, ఇంగ్లిషులో ఇటుకంత రిపోర్టు, దానికి తెలుగులో నాలుగు పేజీల సారాంశం. తతంగంలా కనిపించినా అక్కడ ఆడమనిషి లేచి ‘మా బోరు సంగతేంది సారూ’ అంటే అది మినిట్స్‌లోకి ఎక్కాలి. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు యురేనియం మీద 2003లో జరిగిన సభలో జనం మాట ఎంత దూరం వినిపించిందో ఆ తరం వాళ్లకు గుర్తుంటుంది. అక్కడ ఇప్పటికీ గని రాలేదు. మొన్నమొన్న, 2024 అక్టోబర్‌లో, రామన్నపేట సిమెంట్ ఫ్యాక్టరీ మీద కూడా సభ పెట్టారు. తోపులాటలు, అరెస్టుల మధ్యనైనా జనం వచ్చి వద్దని చెప్పగలిగారు.

సిమెంట్ మీద ఉన్న ఆ హక్కు ఇథనాల్ మీద లేదు. కాలుష్యం, నీళ్ల భయం రెండింటికీ ఒకటే. పెద్దధన్వాడలో సభ జరగనేలేదని ఊరివాళ్లు మొదటి నుంచీ చెబుతున్నారు. మైకు దగ్గర తేలాల్సింది టెంట్ల దగ్గర తేలింది.

ఇందులో రాష్ట్రం వాటా కూడా ఉంది. పరిశ్రమలకు అనుమతులన్నీ ఒకేచోట ఇచ్చేందుకు 2014లో చట్టం చేసి 2015 జూన్ 12న మొదలుపెట్టిన టీఎస్ ఐపాస్, ఇప్పుడు టీజీ ఐపాస్, ఒక పనైతే నిజంగా బాగా చేసింది. మిర్యాలగూడలో రైస్ మిల్లు పెట్టాలన్నా, చౌటుప్పల్ దగ్గర చిన్న యూనిట్ వేయాలన్నా ఒకప్పుడు ఫైలు పట్టుకుని ఆఫీసు ఆఫీసుకీ తిరిగి చెప్పులరిగేవి. ఇప్పుడు ఒకే అప్లికేషన్, సెల్ఫ్ సర్టిఫికేషన్ చాలు. చిన్నవి జిల్లాలోనే కలెక్టర్ కమిటీ తేలుస్తుంది, రూ. 200 కోట్లు దాటిన మెగా ప్రాజెక్టుకు గడువు 15 రోజులు, మిగతావాటికి 30. ఆలస్యం చేసిన అధికారికి రోజుకు రూ. 1,000 జరిమానా. గడువులోగా జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క.

చిన్న వ్యాపారికి ఇది వరమే. కానీ అధికారి కోణం నుంచి చూడండి. ఆపి ఆలోచిస్తే జేబులోంచి పోతుంది, ఆపకపోతే ఎవరూ అడగరు. నూనె గానుగకు సరిపోయే తొందర, నది పక్క డిస్టిలరీకీ సరిపోతుందా? కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) అనుమతులు రెండు విడతల్లో ఉంటాయి, కట్టే ముందు ఒకటి, నడిపే ముందు ఒకటి. మొదటిది చేతికొచ్చి, గోడలు లేచి, బ్యాంకు లోను పడ్డాక రెండోదాన్ని ఆపే ధైర్యం ఎవరికుంటుంది?

నారాయణపేట జిల్లా మరికల్ మండలం చిత్తనూరులో జరిగింది ఇదే. అక్కడ ఇథనాల్ ఫ్యాక్టరీ ముందు లేచింది, గొడవ తర్వాత ముదిరింది. మన్నెవాగులో చేపలు చచ్చాయని, వాసనకు ఇళ్లలో ఉండలేకపోతున్నామని ఊళ్లు మొత్తుకున్నాయి. 2023 అక్టోబర్‌లో ట్యాంకర్‌ను అడ్డుకున్నప్పుడు పోలీసులతో ఘర్షణ జరిగింది. రాజోలి వాళ్లు చిత్తనూరును చూశారు, కాబట్టే గోడలు లేవకముందే దిగారు.

కంపెనీల వాదన కూడా చెప్పాలి. అన్ని అనుమతులూ ఉన్నాయి, చుక్క నీరు బయటికి పోదు, ఉద్యోగాలొస్తాయి, నూకలకు ధర వస్తుంది. అనుమతులున్న మాట నిజమే. అవి ఎలా వచ్చాయన్నదే గొడవ.

నడిగడ్డ, అంటే గద్వాల ప్రాంతపు, రైతుకు పరీక్షలు కొత్త కాదు. సీడ్ పత్తి వేసినవాడు సాయంత్రం మొగ్గలు గిల్లించి, పొద్దున్నే పుప్పొడి అద్దించి, కూలీ అంతా చేతి నుంచి పోస్తాడు. చివరికి గింజ కంపెనీ టెస్టులో ఫెయిలైతే ఆ ఏడాది మునిగినట్టే. తన గింజకు ఇంత పరీక్ష పెట్టేవాళ్లు, పక్కకొచ్చే ఫ్యాక్టరీ తన కాగితం తానే రాసుకొస్తే ఊరుకున్నారంటే అతనికి ఎక్కడ మండుతుందో ఊహించుకోవచ్చు.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం అయిపోయింది. 2025 డిసెంబర్ ఎన్నికల దాకా ఊళ్లను నడిపింది స్పెషల్ ఆఫీసర్లే. రాజోలి గొడవ భగ్గుమన్న నాటికి ఊరి తరఫున సంతకం పెట్టడానికో, పెట్టనని చెప్పడానికో గెలిచిన సర్పంచ్ ఒక్కడూ కుర్చీలో లేడు.

నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం హైవే మీదికి వస్తే పనులు ఆపేస్తున్నట్టు అధికారులు ప్రకటించారు. అక్కడ రోడ్డెక్కితే ఆగింది కాబట్టి ఇక్కడా రోడ్డెక్కారు. సభ పెట్టి ఉంటే ఎక్కేవాళ్లు కాదని కాదు, కనీసం ముందు మాట్లాడేవాళ్లు.

ఆ 2021 నోటిఫికేషన్‌లోనే ఇంకో షరతు కూడా ఉంది. ఇథనాల్ మొత్తం పెట్రోల్‌లో కలపడానికే పోకపోయినా, బీ2లో పెట్టిన షరతులు తప్పినా పర్యావరణ అనుమతి రద్దవుతుంది. వ్యర్థజలం బయటికి పోవడం లేదని లెక్క చూసే పని పీసీబీది. కొత్తగా గెలిచిన సర్పంచులు ఆ లెక్కలు ఊరికి చూపించమని తీర్మానం చేసి పంపొచ్చు. ఒప్పుకోవడానికో, వద్దనడానికో పనికొచ్చే తీర్మానానికి మాత్రం ఆ ఫైల్లో ఇప్పటికీ చోటు లేదు.