ఆఫీస్ ల్యాప్‌టాప్, ఇంటి వైఫై: వీపీఎన్ ఆపేస్తే ఎవరికీ కనపడదా?

కంపెనీ ల్యాప్‌టాప్‌లలో సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ వేయడం, వాటి నుంచి వచ్చే అలర్ట్‌లు చూడడం నా పని. ఇంటి నుంచి పనిచేసేవాళ్లలో నాకు రెండు రకాలు తగులుతుంటారు. భయపడనక్కర్లేని దానికి నిద్ర మానుకునేవాళ్లు ఒక రకం, భయపడాల్సిన చోట ధీమాగా ఉండేవాళ్లు ఇంకో రకం. ఉద్యోగం మీదికి తెచ్చుకునేది రెండో రకమే కాబట్టి ముందు వాళ్ల సంగతే చెప్తాను.

అపోహ: వైఫై నాది, బిల్లు కట్టేది నేను. వీపీఎన్ డిస్‌కనెక్ట్ చేస్తే కంపెనీకి ఏమీ కనపడదు.

వాస్తవం: కనపడుతుంది. వీపీఎన్ పని మీ ల్యాప్‌టాప్ నుంచి ఆఫీస్ నెట్‌వర్క్ దాకా దారి వేయడం. మీరేం చేస్తున్నారో గమనించేది ల్యాప్‌టాప్‌లోనే నడిచే ఏజెంట్‌లు, అంటే వెనకాల పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్‌లు: ఈడీఆర్ (దాడులను పసిగట్టేది), డీఎల్‌పీ (ఫైళ్లు బయటికి పోకుండా చూసేది), వెబ్ ఫిల్టర్ లాంటివి. మీరు ఇంటి వైఫైలో ఉన్నా, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉన్నా అవి ఎక్కడికీ పోవు. ఇప్పుడు వస్తున్న ఏజెంట్‌లలో చాలావాటికి వీపీఎన్‌తో సంబంధమే లేదు. మామూలు ఇంటర్నెట్ మీదే నేరుగా క్లౌడ్‌లోని సర్వర్‌కి రిపోర్ట్ పంపేస్తాయి.

"మరి నెట్ మొత్తం ఆపేస్తే?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఒకాయన రాజీనామా పెట్టాక, రాత్రిపూట వైఫై ఆఫ్ చేసి మరీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి దించుకున్నాడు. పొద్దున ల్యాప్‌టాప్ నెట్‌కి కనెక్ట్ అయ్యీ అవగానే నా స్క్రీన్ మీద వరసగా లైన్లు పడ్డాయి. ఒక్కో లైన్లో రెండు టైమ్‌లు ఉంటాయి: పని జరిగిన టైమ్, సర్వర్‌కి కబురు అందిన టైమ్. మొదటిది అర్ధరాత్రి దగ్గర్లో, రెండోది పొద్దున ఆఫీస్ వేళకి. పక్కనే ఫైల్ పేరు, సైజు, పెన్‌డ్రైవ్ సీరియల్ నంబర్. నెట్ లేనప్పుడు ఏజెంట్ ఊరుకోదు, రాసి పెట్టుకుంటుంది. దొరకగానే అప్పజెప్పేస్తుంది. "మా పాప ఫొటోలే సార్" అన్నాడాయన. నిజమే, ఫొటోలూ ఉన్నాయి. వాటి పక్కనే క్లయింట్ డాక్యుమెంట్లూ ఉన్నాయి. రిలీవింగ్ లెటర్ ఆగిపోయింది. ఫొటోల కోసం అడిగి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయే పని అది.

ఇక ఇన్‌కాగ్నిటో, అంటే బ్రౌజర్‌లో హిస్టరీ మిగల్చని ప్రైవేట్ విండో. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో ఇన్‌కాగ్నిటో తెరిచి నిశ్చింతగా ఉండడం పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమే. అది దాచేది ఆ కంప్యూటర్‌లో మిగిలే హిస్టరీని, కుకీలను మాత్రమే. మీరు చూసేది మీ యజమానికి కనపడొచ్చని క్రోమ్ ఇన్‌కాగ్నిటో పేజీ మీదే రాసి ఉంటుంది. ఎవరూ చదవరు!

అడ్రస్ బార్‌లో తాళం గుర్తు ఉంది కదా, హెచ్‌టీటీపీఎస్ (సైట్‌తో మాట్లాడేది ఎన్‌క్రిప్ట్ అయ్యే కనెక్షన్) కదా అంటారు కొందరు. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి మీ పేజీలో ఏముందో తెలియకుండా అది ఆపుతుంది, నిజమే. కానీ మీ ల్యాప్‌టాప్‌లో కంపెనీ తన సొంత రూట్ సర్టిఫికెట్ (ఏ సైట్‌ను నమ్మాలో బ్రౌజర్‌కి చెప్పే డిజిటల్ ముద్ర) పెట్టి ఉంటే, మధ్యలో ఎన్‌క్రిప్షన్ విప్పి చూసి మళ్లీ కట్టే ఏర్పాటు సాధ్యమే. చాలా కంపెనీలు బ్యాంకు, ఆసుపత్రి సైట్లను ఇందులోంచి మినహాయిస్తాయి, కానీ అందరూ అలా చేస్తారని నేను మాటివ్వలేను. అనుమానం ఉంటే ఏదైనా సైట్ సర్టిఫికెట్ తెరిచి, ఎవరు జారీ చేశారో చూడండి. అక్కడ మీ కంపెనీ పేరో, ఏదైనా సెక్యూరిటీ ప్రాడక్ట్ పేరో ఉంటే విషయం అర్థమైనట్టే.

అలాగని ప్రతి కంపెనీ మీ ప్రతి కదలికనూ కూర్చుని చూస్తుందని కాదు. "ప్రతి నిమిషం స్క్రీన్ రికార్డ్ చేస్తారట" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు చూస్తే నాకు చిరాకు. అలాంటి సాఫ్ట్‌వేర్ ఉంది, వాడే కంపెనీలూ ఉన్నాయి, వాడనివీ ఉన్నాయి. మీ కంపెనీ ఏం సేకరిస్తుందో మీరు చేరిన రోజు సంతకం పెట్టిన పాలసీలో చూడండి. లేకపోతే హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనరు.

దీనికి చుట్టంలాంటి అలవాటు ఇంకొకటుంది: ఆఫీస్ క్రోమ్‌లో సొంత గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవడం. "ఇంట్లోనే ఉన్నా కదా, ఏమవుతుంది" అంటారు. 2023లో ఆక్టా అనే, వేరే కంపెనీలకు లాగిన్ సెక్యూరిటీ అమ్మే కంపెనీలో ఏమైందో వాళ్లే బయటపెట్టారు. ఒక ఉద్యోగి కంపెనీ ల్యాప్‌టాప్ క్రోమ్‌లో తన సొంత గూగుల్ ప్రొఫైల్‌లోకి లాగిన్ అయ్యారు. ఒక సర్వీస్ అకౌంట్ (మనిషికి కాక సాఫ్ట్‌వేర్ పనులకు వాడే లాగిన్) పాస్‌వర్డ్ ఆ సొంత అకౌంట్‌లో సేవ్ అయిపోయింది. దాడి చేసినవాళ్ల చేతికి ఆ పాస్‌వర్డ్ చిక్కింది, 134 మంది కస్టమర్ల ఫైళ్ల దాకా వెళ్లారు. సెక్యూరిటీ అమ్మే కంపెనీకే ఈ గతి పట్టింది.

"అయితే ఆఫీస్ పని నా సొంత కంప్యూటర్‌లో చేసుకుంటా" అనే పరిష్కారం ఇంకా ఘోరం. 2022లో, పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే యాప్ నడిపే లాస్ట్‌పాస్ కంపెనీ ఇంజనీర్ ఒకరి ఇంటి కంప్యూటర్‌లో, అప్‌డేట్ చేయని మీడియా సాఫ్ట్‌వేర్ గుండా దొంగలు దూరి కీలాగర్ (టైప్ చేసే ప్రతి అక్షరాన్నీ రాసుకునే సాఫ్ట్‌వేర్) పెట్టారు. అక్కడ టైప్ చేసిన మాస్టర్ పాస్‌వర్డ్ అలాగే పోయింది. ఆఫీస్ పని ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో, సొంత పని సొంత ఫోన్‌లో.

ఇప్పుడు నిద్ర మానుకునేవాళ్ల ప్రశ్న.

అపోహ: ఆఫీస్ ల్యాప్‌టాప్ మా వైఫైకి కనెక్ట్ చేస్తే ఇంట్లో అందరి ఫోన్లూ కంపెనీకి కనపడతాయి.

ఒకావిడ ఫోన్ చేసి, గొంతు తగ్గించి అడిగారు: "అండీ, మా ఆయన ఫోన్‌లో ఏం చూస్తున్నారో మీకు తెలుస్తుందా?" తెలియదండీ. ఫోన్ డేటా ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య నడుస్తుంది, ల్యాప్‌టాప్ గుండా వెళ్లదు. పైగా డబ్ల్యూపీఏ2 (వైఫై భద్రతా పద్ధతి) ఉన్న వైఫైలో ఒక్కో పరికరానికి ఒక్కో ఎన్‌క్రిప్షన్ కీ ఉంటుంది. వీపీఎన్‌లోంచి వెళ్లేది కూడా ల్యాప్‌టాప్ ట్రాఫిక్ మాత్రమే. మీ వైఫై పేరు, బయటి ఐపీ అడ్రస్, దాన్నిబట్టి సుమారుగా ఏ ఊరో, ఇవి కంపెనీకి తెలియొచ్చు. ఇంట్లో ప్రింటరో టీవీయో ఉందని దాని పేరు ల్యాప్‌టాప్‌కి కనపడొచ్చు. దానిలో ఏం నడుస్తోందో తెలియదు. అయితే ఆఫీస్ మెయిల్ కోసం మీ సొంత ఫోన్‌లో ఎండీఎం (ఫోన్‌ను కంపెనీ నిర్వహించేలా చేసే సాఫ్ట్‌వేర్) వేయించుకుని ఉంటే అది వేరే కథ, ఆ ఫోన్ గురించి విడిగా అడగండి.

అయినా మనసు ఊరుకోకపోతే రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి ల్యాప్‌టాప్‌ని అందులో పెట్టండి. ఇంటి ప్రింటర్ దొరకకపోవచ్చు, ఆ మాత్రం ఇబ్బంది ఉంటుంది.

మిగతావి గబగబా. దానికంటే కొత్తదైన డబ్ల్యూపీఏ3 ఉన్న రౌటర్ కొనాలా? ఇప్పుడున్న దానిలో డబ్ల్యూపీఏ2 ఏఈఎస్, పొడవైన పాస్‌వర్డ్ ఉంటే చాలు. డబ్బాతో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, డబ్ల్యూపీఎస్ (బటన్ నొక్కో, పిన్ కొట్టో కనెక్ట్ అయ్యే పద్ధతి) ఆపండి, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. వీపీఎన్ ఉంటే వైరస్ రాదా? వస్తుంది, ఫిషింగ్ లింక్‌కి వీపీఎన్ అడ్డు కాదు. మీటింగ్‌లో గొంతు తెగిపోతుంటే ప్రతిసారీ మా వీపీఎన్‌ని తిట్టకండి, ముందు వైఫైలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మారండి, వీలైతే కేబుల్ పెట్టి చూడండి.

ల్యాప్‌టాప్ తిరిగిచ్చే ముందు ఫార్మాట్ కొడితే జాడ ఉండదనే సలహా కూడా తిరుగుతోంది. పంపాల్సిన లాగ్‌లు సర్వర్‌కి ఎప్పుడో చేరిపోయి ఉంటాయి. ఆటోపైలట్ (ల్యాప్‌టాప్‌ను కంపెనీ పేరు మీద నమోదు చేసే మైక్రోసాఫ్ట్ సేవ) లాంటి ఏర్పాటు ఉంటే, ఫార్మాట్ అయిన మెషీన్ మీ వైఫై తగలగానే మళ్లీ కంపెనీ లాగిన్ పేజీయే చూపిస్తుంది. చివరి వారంలో ఫార్మాట్ చేశారన్నదే పెద్ద అలర్ట్. అందులో సొంత ఫైళ్లుంటే పెన్‌డ్రైవ్ పెట్టకముందే మేనేజర్‌కీ ఐటీకీ కలిపి ఒక మెయిల్ రాయండి: ఏ ఫోల్డర్, ఏముంది, ఎక్కడికి కాపీ చేస్తారు. వాళ్లు సరే అన్న జవాబును మీ దగ్గర అట్టిపెట్టుకోండి.