కొండ మీద అలల గుర్తులు

అలిపిరి దాటి బస్సు మలుపులు తిరగడం మొదలవగానే అందరి చూపూ లోయ వైపే. కింద తిరుపతి చిన్నదైపోతుంటే ఫోన్లు బయటికొస్తాయి. కడుపులో తిప్పేవాళ్లు కళ్లు మూసుకుంటారు. నేను మాత్రం రోడ్డు కోసం తొలిచిన కొండనే చూస్తూ కూర్చుంటాను.

ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట, కింద పొరలే లేని ముద్దలాంటి గ్రానైట్, దాని మీద దొంతి పేర్చినట్టు పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ కనిపిస్తాయి. ఈ చోటుని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అన్న పేరు నోరు తిరగదు గానీ సంగతి తేలికే. ఆ రెండు రాళ్ల నడుమ సుమారు 80 కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతయింది. అంతకాలం గ్రానైట్ నేల ఎండకీ వానకీ అరుగుతూ పోయింది. తర్వాత నేల కుంగింది, నీళ్లొచ్చాయి, ఇసుక మేట వేసింది. ఆ ఇసుకే గట్టిపడి ఇప్పుడు మనం ఎక్కే కొండైంది. శిలాతోరణం కూడా ఆ రాయే.

సరే, వచ్చిన నీళ్లు ఏటివా, సముద్రానివా? స్వర్ణముఖి ఇసుకలో తిరిగినవాళ్లకి ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. ఏరు పారి తగ్గాక ఇసుక మీద చిన్న చిన్న మడతలు మిగులుతాయి. ఒక్కో మడతకీ ఒక పక్క వాలు మెల్లగా, రెండో పక్క నిటారుగా ఉంటుంది. నీరు ఎటు పోయిందో నిటారు పక్క చెబుతుంది. అలలు అలా కాదు, ముందుకీ వెనక్కీ ఊగుతాయి. అందుకే వాటి మడతలకి రెండు వాలులూ దాదాపు సమానం. రాతిలో ఇలాంటివి దొరికితే అక్కడ ఒకప్పుడు సముద్రమో పెద్ద సరస్సో ఉండేదన్నమాట. పైగా ఈ మడతలు చాలావరకు ఒడ్డుకి సమాంతరంగా సాగుతాయి. దిక్సూచి పట్టుకుని ఊరూరా తిరిగి కొలిచి మ్యాపు మీద వేస్తే, మాయమైన తీరం ఎటు పోయేదో తెలుస్తుంది. ఎండలో చేసే ఆ పని మాత్రం సరదాగా ఉండదు.

మన కొండల్లో గవ్వలు వెతికితే దొరకవు. గవ్వ కట్టుకునే జీవి అప్పటికింకా పుట్టనే లేదు! కడప వైపు వేంపల్లె సున్నపురాళ్లలో మాత్రం స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. సూక్ష్మజీవులు పొర మీద పొర కట్టిన దిబ్బలవి. వాటికి ఎండ తగలాలి కాబట్టి అక్కడ నీరు లోతు తక్కువని అర్థం.

గవ్వలు పుట్టాక జరిగిన కథ ఇంకా రుచిగా ఉంటుంది. రాజమండ్రి దగ్గర లావా పొరల నడుమ సముద్రపు గవ్వలు దొరుకుతాయి. అక్కడ ఆశ్చర్యం లేదు, సముద్రం పక్కనే. కానీ మధ్యప్రదేశ్‌లోని ఝిల్మిలిలో, నేటి తీరానికి వందల కిలోమీటర్ల లోపల, దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటి పొరలో ఫొరామినిఫెరాలు బయటపడ్డాయి. ఇవి ఉప్పునీటిలో తేలుతూ బతికే, కంటికి ఆనని జీవుల పెంకులు. దాంతో సముద్రపు పాయ ఒకటి దేశం నడిబొడ్డుదాకా వచ్చిందని కొందరు శాస్త్రజ్ఞులు వాదించారు. అది నర్మద లోయగుండా వచ్చిందా, గోదావరి వైపు నుంచా అన్నది మరో తగువు.

నాకు అంతకన్నా నచ్చింది ఇంకొకటి. అక్కడే మంచినీటి జీవుల పెంకులూ ఉన్నాయి. అంటే ఉప్పునీరు, మంచినీరు కలిసే చోటన్నమాట. అలాంటి చోటు ఎలా ఉంటుందో చూడాలంటే మనం దూరం పోనక్కర్లేదు. సూళ్లూరుపేట బస్సెక్కితే చాలు, పులికాట్ అక్కడే.