కరాటే క్లాసులో కత్తి ఎప్పుడూ నెమ్మదిగానే వస్తుంది

కరాటే నేర్పడమే నా జీవనం. కూర్చున్న కొమ్మను నరుక్కుంటున్నావని తోటి మాస్టర్లు అనవచ్చు. కానీ స్కూలు వార్షికోత్సవంలో పది నిమిషాల ఆత్మరక్షణ ప్రదర్శన చూసి, ఇక మా అమ్మాయికి భయం లేదని ధీమాగా ఇంటికి వెళ్లే తల్లిదండ్రులను చూస్తే, ఆ ధీమా వెనకున్న అపోహల గురించి చెప్పక తప్పడం లేదు.

అపోహ: చేయి పట్టుకుంటే మణికట్టు తిప్పి విడిపించుకోవచ్చు.

వాస్తవం: బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య ఉన్న సందే పట్టులో బలహీనమైన చోటు. అటువైపు తిప్పి లాగితే చేయి బయటికి వస్తుంది. నేనూ ఇది నేర్పుతాను. కానీ క్లాసులో పట్టుకున్నవాడు కదలకుండా నిలబడి మన వంతు కోసం చూస్తాడు. బయట పట్టుకున్నవాడు ఈడుస్తాడు, రెండో చేత్తో కొడతాడు. ముందు కాళ్లు నిలదొక్కుకోవాలి, గట్టిగా అరవాలి, మణికట్టు సంగతి ఆ తర్వాత. నిజంగా ఈడ్చే మనిషితో సాధన చేయనంతకాలం ఈ పట్టు విడిపించడం వచ్చినట్టు కాదు.

అపోహ: ఒడుపు తెలిస్తే కత్తి లాక్కోవచ్చు.

వాస్తవం: నాకు ఒళ్లు మండేది దీనితోనే. ప్రదర్శనలో శిష్యుడు ఒక్క పోటు పొడిచి, మాస్టారు తీరిగ్గా మెలితిప్పేందుకు చేయి అలాగే చాచి ఉంచుతాడు. నిజంగా పొడిచేవాడు ఎడమచేత్తో చొక్కా పట్టుకుని, కుడిచేత్తో పొడిచి వెనక్కి తీసి మళ్లీ మళ్లీ పొడుస్తాడు. అనుమానం ఉంటే తెల్ల టీషర్టు వేసుకుని, స్నేహితుడి చేతికి స్కెచ్ పెన్ను ఇచ్చి మొహమాటం లేకుండా పొడవమనండి. ఆ తర్వాత మరకలు లెక్కపెట్టుకోండి.

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి డెనిస్ ట్యూలర్ 1983లో రాసిన లెక్క ఒకటుంది. కత్తి పట్టినవాడు 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడు. శిక్షణ పొందిన పోలీసు ఒరలోంచి తుపాకీ తీసి కాల్చడానికి కూడా దాదాపు అంతే పడుతుంది. ఇక వట్టి చేతులతో ఉన్న మనమెంత? పర్సు అడిగితే ఇచ్చేయండి. దారి ఉంటే పరుగెత్తండి. దారి లేకపోతే కుర్చీయో, సంచో, హెల్మెట్టో అడ్డం పెట్టండి. అవీ లేనప్పుడే కత్తి ఉన్న చేతిని రెండు చేతులతో పట్టుకోవడం. అప్పుడూ గాయం కాకుండా బయటపడతామని ఎవరూ మాట ఇవ్వలేరు.

అపోహ: మా విద్య ప్రాణాంతకం, అందుకే స్పారింగ్ (ఎదురెదురుగా తలపడే సాధన) పెట్టం.

వాస్తవం: జపాన్‌కు చెందిన జిగొరో కానో 1882లో జూడోను మొదలుపెట్టినప్పుడు, అక్కడి పాత యుద్ధవిద్య జుజుత్సులోని ప్రమాదకరమైన దెబ్బలను కటాలకే, అంటే ముందే నిర్ణయించిన కదలికల వరసలకే, పరిమితం చేశాడు. పడేయడం, అదిమిపట్టడం వంటివి మాత్రం ఎదిరించే మనిషి మీద పూర్తి బలంతో చేయించాడు. ఆ సాధన పేరు రందొరి. ‘ప్రాణాంతక’ విద్యను గాలిలోనే సాధన చేసినవాడికి, కదులుతున్న తలలో పొడవడానికి కన్ను దొరకదు.

జపాన్‌లో యానగి ర్యుకెన్ అనే మాస్టారు తాకకుండానే శిష్యులను పడేసేవారు. 2006లో ఒక మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ యోధుడితో తలపడి చిత్తుగా ఓడిపోయారు. ఆయన మోసగాడని నేను అనుకోను. అడిగినప్పుడల్లా పడిపోతూ శిష్యులే ఆయనను నమ్మించి ఉంటారు. ఈ జబ్బు కొద్దో గొప్పో మా క్లాసులన్నిటిలోనూ ఉంది.

అపోహ: అమ్మాయిలకు ముప్పు చీకటి సందులోని అపరిచితుడి నుంచే.

వాస్తవం: జాతీయ నేర గణాంకాల ప్రకారం అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవారే. బంధువు మీదో, స్నేహితుడి మీదో పిడికిలి ఎత్తడం కటాలో నేర్పేది కాదు. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల విద్యార్థినులకు 12 గంటల శిక్షణ ఇచ్చి చూశారు. తెలిసినవారి ప్రవర్తనలో ముప్పును గుర్తించడం, మొహమాటం వదిలి ఎదురు చెప్పడం, దెబ్బ కొట్టడం, మూడూ అందులో ఉన్నాయి. 2015లో వచ్చిన ఫలితం: ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు కరపత్రాలు మాత్రమే అందుకున్న బృందంలో 9.8 శాతం, శిక్షణ పొందిన బృందంలో 5.2 శాతం. మా సిలబస్‌లో మూడోది తప్ప మిగతా రెండూ కనిపించవు.

అపోహ: ఆత్మరక్షణ కోసమైతే ఎంత కొట్టినా కేసు ఉండదు.

వాస్తవం: భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఈ హక్కు గురించే. అవసరానికి మించి హాని చేయకూడదు. ప్రాణభయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటి సందర్భాల్లో ఎదుటివాడి ప్రాణం పోయినా ఆ హక్కు వర్తించవచ్చు. అయితే ముప్పు ఉన్నంతసేపే అది ఉంటుంది. పారిపోతున్నవాడిని వెంటాడి తన్నితే, ఈసారి నిందితులు మీరే.