ప్రింట్‌ఎఫ్ మాట నమ్మి ఊరుకోకండి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవులకు మామయ్య ఆశీస్సులు.

విజయవాడ నుంచి మీరు పంపిన సీ ప్రోగ్రామ్ నడిపి చూశాను. మిర్చి యార్డులో తేజ రకం ఎంత పలికింది, బ్యాడిగి ఎంత పలికింది అని వరసగా రాసిపెడుతోంది, బాగుంది. కానీ ఆ లిస్టును ఫైల్లోకి మళ్లించినప్పుడు డిస్క్ నిండిపోతే? సగం లిస్టు పోతుంది. మీ ప్రోగ్రామ్ మాత్రం సున్నా తిరిగిచ్చి, పని పూర్తయిందంటుంది. ఆ లిస్టు చూసి సరుకు అమ్ముకునే రైతుకు అందులో కొన్ని రేట్లు లేవని ఎలా తెలుస్తుంది? ఈ ఉత్తరం అందుకే.

సీలో అవుట్‌పుట్ రాసే ఫంక్షన్ ప్రింట్‌ఎఫ్. అది రాసేది నేరుగా ఫైల్లోకి పోదు, ముందు బఫర్‌లో, అంటే మెమరీలోని తాత్కాలిక చోటులో, చేరుతుంది. ఆటోలోకి మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎక్కించడం లాంటిదది. కోల్డ్ స్టోరేజీలో చోటు లేదన్న సంగతి బండి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. ప్రింట్‌ఎఫ్ ఇన్ని అక్షరాలు రాశానని చెప్పినా, అవి ఫైలుకు చేరినట్టు కాదు. స్క్రీన్ మీదైతే మామూలుగా లైను పూర్తవగానే బఫర్ ఖాళీ అవుతుంది. ఫైలుకో, మరో ప్రోగ్రామ్‌కు అందించే పైపుకో అయితే బఫర్ నిండేదాకా ఆగుతుంది. చివర్లో మిగిలింది, ప్రోగ్రామ్ ప్రధాన ఫంక్షన్ మెయిన్ ముగిశాక సీ లైబ్రరీయే తోసేస్తుంది. అప్పుడు రాత విఫలమైనా ఎగ్జిట్ కోడ్, అంటే ప్రోగ్రామ్ ముగుస్తూ తిరిగిచ్చే అంకె, మారదు. నన్నడిగితే, సీ నేర్పేవాళ్లు మొదటి వారంలోనే చెప్పాల్సిన సంగతి ఇది.

ప్రతి ప్రింట్‌ఎఫ్‌నూ పరీక్షించక్కర్లేదు. ఒకసారి తప్పు జరిగితే స్ట్రీమ్ (రాత వెళ్లే దారి) దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, ఆ గుర్తు చెరిపే క్లియర్‌ఎర్ర్ పిలిచేదాకా మరచిపోదు. కాబట్టి చివర్లో మామూలు అవుట్‌పుట్ స్ట్రీమ్ ఎస్‌టీడీఅవుట్ మీద, బఫర్‌ను ఖాళీ చేసే ఎఫ్‌ఫ్లష్ పిలిచి అది ఈఓఎఫ్ (విఫలమైందన్న గుర్తు) ఇచ్చిందా చూడండి, స్ట్రీమ్ గుర్తుపెట్టుకున్న తప్పు ఉందా అని ఎఫ్‌ఎర్రర్‌ను కూడా అడగండి. రెండూ కావాలి. ముందెప్పుడో రాత చెడి, ఇప్పుడు బఫర్ ఖాళీగా ఉంటే ఎఫ్‌ఫ్లష్ ఒక్కటే అంతా బాగుందనొచ్చు. తప్పు కనబడితే తప్పుల కోసం ఉండే ఎస్‌టీడీఎర్ర్ స్ట్రీమ్‌లో చెప్పి, సున్నా కాని కోడ్‌తో బయటికి రండి. లైనక్స్‌లోని క్యాట్, ఎల్‌ఎస్ కమాండ్లు కూడా ముగిసే ముందు ఇలా చూసుకుంటాయి.

పరీక్షించడానికి డిస్క్ నింపక్కర్లేదు. లైనక్స్‌లో డెవ్ అనే ఫోల్డర్ కింద ఫుల్ అని ఒక ఫైలుంది, దానికి ఏం రాసినా చోటు లేదనే అంటుంది. మీ అవుట్‌పుట్ దానికి మళ్లించి ఎగ్జిట్ కోడ్ చూడండి. ఇప్పుడున్న ప్రోగ్రామ్‌కు సున్నా వస్తుంది.

ఎఫ్‌ఫ్లష్ సరేనన్నా సమాచారం కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) చేతికి వెళ్లిందనే అర్థం. కరెంటు పోయినా నిలవాలంటే డిస్క్ మీదికి చేర్చే ఎఫ్‌సింక్ కావాలి, మీ లిస్టుకు అంత అవసరం లేదు.

మార్చాక డెవ్ ఫుల్ మీద మళ్లీ నడిపి, ఏం వచ్చిందో రాయండి.

మీ మామయ్య