తిరువయ్యారు వెళ్లొచ్చిన అమ్మమ్మ ఉత్తరం

చిన్నూకి, బుజ్జికి అమ్మమ్మ ఆశీస్సులు.

ఫోన్లో చెప్పబోతే "తర్వాత అమ్మమ్మా" అంటారు కదా, అందుకే కాగితం మీద పెడుతున్నా.

త్యాగరాజస్వామి 1847లో పుష్య బహుళ పంచమి నాడు పోయారు. ఏటా ఆ తిథికి తిరువయ్యారులో, కావేరి ఒడ్డున ఆయన సమాధి దగ్గర ఆరాధన జరుగుతుంది. ఈసారి అది శనివారం పడింది. పందిట్లో నేల మీద రెండు వైపులా ఎదురెదురుగా కూర్చుని, పేరు మోసిన విద్వాంసులూ నేర్చుకునే పిల్లలూ ఒక్క గొంతుగా పంచరత్న కీర్తనలు ఐదూ పాడతారు. ముందు నాట రాగం, చివర శ్రీరాగంలో 'ఎందరో మహానుభావులు'. ఒకప్పుడు ఇక్కడ ఆడవాళ్లని పాడనిచ్చేవాళ్లు కాదట. ఆ సమాధికి గుడి కట్టించింది మాత్రం ఒక ఆడమనిషే, బెంగళూరు నాగరత్నమ్మ. ఆమె పట్టుబట్టింది కాబట్టే మాలాంటివాళ్లం ఆ పందిట్లో కూర్చోగలిగాం.

నా పక్కన ఒక తమిళావిడ. ఆవిడ చేతిలో పుస్తకం చూసి ముందు లెక్కల పుస్తకం అనుకున్నా. అక్షరాల పక్కన చిన్న చిన్న అంకెలు! విషయం ఏమిటంటే, తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. మన 'గ' పలకాలంటే ఆ అక్షరం పక్కన 3 వేసుకుంటారు. రెండో కీర్తన మొదట్లో వచ్చే 'దుడుకు గల' అన్న రెండు మాటల్లోనే ద పక్కన ఒక 3, డ పక్కన ఒక 3, గ పక్కన ఇంకో 3. తెలుగు మాట్లాడటం రాని మనిషి ఆ అంకెలు పట్టుకుని ఒక్క హల్లు కూడా తప్పకుండా పాడింది. తెలుగు పుట్టుకతో వచ్చిన నేను రెండు చరణాల్లో తడబడ్డాను. (చెప్పులు కూడా అక్కడే పోగొట్టుకున్నా. అది వేరే కథ.)

ఆ ఐదు కీర్తనల్లో నాలుగోది 'కనకనరుచిరా', వరాళి రాగం. అందులో 'పాలుగారు మోమున' అని వస్తుంది. బుజ్జీ, నిద్ర లేవగానే నిన్ను చూసి "పాలుగారే మొహం" అంటానే, అదే మాట. పొద్దున్నే మన వంటింట్లో అనుకునే మాట అక్కడ అంతమంది నోట వినిపిస్తే ఒళ్లు జలదరించింది.

ఆదివారం తంజావూరు. పదమూడు కిలోమీటర్లే, బస్సులో నిలబడి వెళ్లా. రాజుగారి కోటలో సరస్వతీ మహల్ మ్యూజియం ఉంది. గదులు చిన్నవే కానీ ఓపిగ్గా చూడాలి. 1798 నుంచి 1832 దాకా ఏలిన శరభోజి మరాఠీ రాజు. పుస్తకాల పిచ్చి, దానికి తోడు కంటి వైద్యం పిచ్చి. ఏ రోగి కన్ను ఎలా ఉందో రంగుల్లో బొమ్మ వేయించి రాయించేవాడు. చిన్నూ, డాక్టర్‌నవుతా అంటావుగా, నీ కోసం తలుచుకున్నా.

తాటాకుల దగ్గర చాలాసేపు నిలబడిపోయా. గంటంతో గీసి, పైన మసి రుద్దితే అక్షరం నల్లగా తేలుతుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు, అంతా ఒకే బారు. ఆ గ్రంథాలయంలో తెలుగు ప్రతులు చాలానే ఉన్నాయి. శరభోజికి ముందు అక్కడ ఏలిన షాహజీ కూడా మరాఠీవాడే, అయినా తెలుగులో యక్షగానాలు రాశాడు.

ఆ తమిళావిడా నేనూ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం. నా అరకొర తమిళం, ఆవిడ రెండు ముక్కల ఇంగ్లీషు. నిన్న మెసేజ్ పెట్టింది: కనకనరుచిరాలో సీత 'కులుకుచు' ఓరకంట చూస్తుంది కదా, కులుకుచు అంటే ఏమిటి అని. పొద్దుటి నుంచీ ఆలోచిస్తున్నా. కులుకుని ఇంకో భాషలోకి ఎలా మార్చాలో అంతు పట్టడం లేదు. మీకేమైనా తడితే చెప్పండి, ఆవిడ ఎదురుచూస్తోంది.

మీ అమ్మమ్మ